‘ది ఇంటర్న్‌షిప్’ సినిమాలో కోడ్ ఎక్కడుంది?

ఈ సంచికకి ఏదో ఒక సినిమా మీద విమర్శ రాయమని తెలుగు సార్ చెప్పగానే మా తరగతిలో సగం మంది తమ తమ హీరోల పేర్లు ఇచ్చేసినారు. నేను ఇచ్చిన పేరు విని సార్ ఒక నిమిషం ఆలోచించారు. అది 2013లో వచ్చిన ‘ది ఇంటర్న్‌షిప్’ అనే ఇంగ్లీషు సినిమా. దర్శకుడు షాన్ లెవీ. విన్స్ వాన్, ఓవెన్ విల్సన్ అనే ఇద్దరు హాస్యనటులు ముఖ్య పాత్రలు వేశారు. మా పెద్దనాయన కూతురు కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. "ఇంటర్న్‌షిప్‌కి పోయే ముందు ఇది చూడండి, ధైర్యం వస్తాది" అని సీనియర్లు చెప్పినారంట. ఇద్దరం కూర్చుని, కింద వచ్చే అక్షరాలు చదువుకోవడానికి మధ్యమధ్యలో ఆపుకుంటూ రెండు రాత్రులు చూసినాం. నవ్వు బాగానే వచ్చింది. ధైర్యం సంగతే అనుమానం.

ఇంటర్న్‌షిప్ అంటే పెద్దవాళ్ళకి కొత్త మాట గానీ పని కొత్తది కాదు. టైలర్ అంగడిలో, మెకానిక్ షెడ్డులో పిల్లోళ్ళు మొదట కాజాలు కుట్టి, నట్లు విప్పి పని నేర్చుకుంటారు గదా, అట్లాంటిదే. చదువు అయిపోకముందే కొన్ని వారాలో కొన్ని నెలలో ఒక కంపెనీలో పని చేస్తూ నేర్చుకోవడం. మన ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పేరు మీద 1998లో ఏర్పడిన వీటీయూ కింద చదివే ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది తప్పనిసరి. చేయకపోతే డిగ్రీ రాదు. ఇష్టపడి చేసేవాళ్ళూ, తప్పక చేసేవాళ్ళూ అందరూ ఒకే వాకిలి ముందర నిలబడాల్సిందే.

సినిమా కథ చిన్నది. బిల్లీ, నిక్ అనే ఇద్దరు గడియారాలు అమ్మేవాళ్ళు. నలభై దాటినవాళ్ళు. ఫోన్లు వచ్చాక గడియారాలు ఎవరు కొంటారు అని వాళ్ళ యజమాని కంపెనీ మూసేస్తాడు. అప్పుడు బిల్లీ ఇద్దరి పేర్లతో గూగుల్ ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు పెడతాడు. విద్యార్థులే పెట్టాలి కాబట్టి ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీలో పేరు రాయించుకుంటారు. ఎట్లనో ఎంపికవుతారు. అక్కడ ఇంటర్న్‌లని జట్లుగా విడగొట్టి పోటీలు పెడతారు. గెలిచిన జట్టుకే ఉద్యోగం. మన ఇద్దరూ ఎవరికీ అక్కర్లేని పిల్లల జట్టులో పడతారు. చివరికి ఎవరు గెలుస్తారో నేను చెప్పకపోయినా మీకు తెలిసిపోయే ఉంటుంది.

మొదట బాగున్నది చెప్తాను. ఇంటర్వ్యూ సన్నివేశం చాలా బాగుంది. వాళ్ళకి సొంత కంప్యూటర్ లేక ఒక గ్రంథాలయంలో కెమెరా ముందు ఇద్దరూ ఇరుక్కుని కూర్చుంటారు. అవతలివాళ్ళు ఒక వింత ప్రశ్న అడుగుతారు. మిమ్మల్ని చిన్న నాణెమంత చేసి మిక్సీ జారులో పడేస్తే ఏం చేస్తారు అని. వీళ్ళు జవాబు చెప్పకుండా అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి మిక్సీ ఆగిన తర్వాత బతుకు ఎంత బాగుంటుందో చెప్పడం మొదలుపెడతారు. ఆ చోట అక్క నవ్వలేదు. "మా ఆన్‌లైన్ పరీక్ష రోజు కరెంటు పోతే నేను ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మిద్దె మీద కూర్చున్నా" అంది. గ్రంథాలయంలో కూర్చున్న ఆ ఇద్దరూ మనకి దగ్గరివాళ్ళని నాకు అప్పుడే అనిపించింది. సినిమా అక్కడే ఇంకొంచెం సేపు నిలబడి ఉంటే ఎంత బాగుండేది! నిలబడలేదు. రంగు రంగుల ఆఫీసుకి, ఊరకే పెట్టే తిండికి పరుగెత్తింది. (ఆ గూగుల్ ఆవరణ అని మనం చూసేదాంట్లో చాలా భాగం అట్లాంటాలోని జార్జియా టెక్ అనే కాలేజీలో తీశారంట. కాలేజీనే కంపెనీగా చూపించారన్నమాట.)

ఇక నా ముఖ్యమైన ఫిర్యాదు. ఈ సినిమాలో ఒక్కరూ కూర్చుని కోడ్ రాయరు. రాసినట్టు చూపిస్తారు, వేళ్ళు టకటకా ఆడతాయి, స్క్రీన్ మీద అక్షరాలు పారతాయి. ఆ అక్షరాలు ఏమిటి, వాటితో తల ఎట్లా పగలగొట్టుకోవాలి అనేది సినిమాకి అక్కర్లేదు. వాళ్ళు పోటీపడే ఆటల్లో ఒకటి హ్యారీ పాటర్ పుస్తకాల్లోని చీపురుకట్ట ఆట! కట్టెల్ని కాళ్ళ మధ్య పెట్టుకుని మైదానంలో పరుగెత్తుతారు. ఉద్యోగం ఇచ్చేది దాని మీదనా?

నిజంగా జరిగేది వేరే. అక్క ఏడాదిగా చేస్తున్నది చూస్తున్నాను కాబట్టి చెప్పగలను. కంపెనీలు మొదట ఆన్‌లైన్ పరీక్ష పెడతాయి. గంటా గంటన్నరలో రెండో మూడో లెక్కలు. వాటికోసం పిల్లలు లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్, గీక్స్‌ఫర్‌గీక్స్ లాంటి చోట్ల రోజూ అభ్యాసం చేస్తారు. ‘క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ’ అని గేల్ లాక్‌మన్ మెక్‌డవెల్ రాసిన లావు పుస్తకం ఒకటుంది. దాని ఆరో కూర్పులో 189 లెక్కలు ఉన్నాయి. అక్క దగ్గర ఉన్నది సీనియర్ల నుంచి చేతులు మారి వచ్చిన పాత కాపీ, అట్ట లేదు.

ఒక లెక్క నాకు తెలుగులో చెప్పింది. మొదట నేర్చుకునే లెక్కల్లో ఇది ఒకటంట. అంగడిలో 1000 వస్తువులు ఉన్నాయి, ఒక్కోదాని ధర ఒక్కో చీటీ మీద రాసి ఉంది. ఏ రెండు వస్తువుల ధరలు కలిపితే సరిగ్గా 500 రూపాయలు అవుతుందో కనిపెట్టాలి. నేను చెప్పిన దారి ఇది: మొదటి చీటీ తీసి మిగతా అన్నిటితో కలిపి చూడాలి, తర్వాత రెండో చీటీ, అట్లా పోవాలి. "ఎన్ని జతలు చూడాలో లెక్కేసుకో" అంది. వేసుకున్నాను. 4,99,500 జతలు. అప్పుడు అక్క ఖాతా పుస్తకం తీసింది. చీటీలు ఒక్కొక్కటే చూడు. చేతిలో 180 ఉందనుకో, దానికి జత కావాల్సింది 320. పుస్తకంలో 320 ఇంతకుముందే రాసి ఉందా చూడు. ఉంటే పని అయిపోయింది. లేకపోతే 180 రాసిపెట్టి తర్వాతి చీటీకి పో. అంతే, 1000 చీటీలు ఒక్కసారి తిరగేస్తే చాలు. ఏ పేజీలో ఏ అంకె ఉందో వెతుక్కోకుండా నేరుగా తెరుచుకునే ఖాతా పుస్తకం లాంటి దాన్ని హ్యాష్ టేబుల్ అంటారంట.

నాకు ఒళ్ళు జలదరించింది, నిజంగా. ఐదు లక్షల పని వెయ్యి పని అయిపోయింది. బదులుగా ఖర్చయింది ఒక పుస్తకం. "ఇంటర్వ్యూలో జవాబు ఒక్కటే చూడరు, మొదటి దారి నుంచి రెండో దారికి ఎట్లా వచ్చినామో గట్టిగా చెప్తా పోవాల" అంది అక్క. ఇంత మంచి నాటకం ఒక చీటీల కట్టలో ఉంటే, రెండు గంటల సినిమాలో దానికి చోటు దొరకలేదు. క్రికెట్ సినిమాలో బ్యాటు పట్టకుండా చూపిస్తే ఒప్పుకుంటామా?

‘గట్టిగా చెప్పడం’ అన్నాను కదా, అది ఏ భాషలో? ఇక్కడే నాకు సినిమా మీద కోపం వచ్చింది. బిల్లీ ప్రతిసారీ ‘ఆన్‌లైన్’ అనాల్సిన చోట ‘ఆన్ ది లైన్’ అంటాడు. పిల్లలు సరిదిద్దుతారు, మళ్ళీ అట్లాగే అంటాడు. అది జోకు. అతను తప్పు మాట్లాడినా ఎవరూ తక్కువవాడని అనుకోరు, ఎందుకంటే ఇంగ్లీషు అతని ఇంటి భాష. అదే తప్పు అక్క చేస్తే? ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషు. లెక్క తెలిసి కూడా మాట దొరక్క మొదటి ఇంటర్వ్యూలో ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె చేసింది ఏమిటంటే, రోజూ రాత్రి ఒక లెక్కని మా అవ్వకి ఇంగ్లీషులో చెప్పడం. అవ్వకి ముక్క అర్థం కాదు. అయినా ఊ కొడుతుంది. అక్క ఎక్కడ తడబడితే అక్కడ ఊ ఆపేస్తుంది! భాష రాకపోయినా తడబాటు తెలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

సినిమాలో మన దేశపు మూలాలున్న పాత్రలు రెండు ఉన్నాయి. ఒకరు ఇంటర్న్‌లందరికీ పెద్ద, చెట్టి అనే కఠినమైన మనిషి. పేరు విని మా అవ్వ "మన శెట్టిగారా?" అని అడిగింది. రెండోది నేహ, ఆ జట్టులోని అమ్మాయి. ఆమె కోసం నేను ఎదురు చూసినాను. కంప్యూటర్ ముందు కూర్చునే మన అమ్మాయి కదా. నాకు గుర్తున్నంతలో ఆమెకి రాసిన మాటలన్నీ గొప్పలకి చెప్పుకునే ప్రేమ కబుర్లే. ఏ ప్రోగ్రాం రాసింది, ఏది కష్టమైంది, ఒక్క ముక్క లేదు. మధ్యలో జట్టంతా ఒక రాత్రి ఊరి మీద పడే భాగం ఉంది. అది తల్లిదండ్రులతో కూర్చుని చూసేది కాదు, ముందే చెప్తున్నా.

మన తెలుగు సినిమాలు దీనికంటే మేలా అని మీరు అడగవచ్చు. ఇంజనీరింగ్ కాలేజీ అనగానే అందరూ చెప్పేది శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’, 2007లో వచ్చింది. నాకు ఇష్టం. ఆ స్నేహాలు, సీనియర్ల భయం, చివరి రోజు ఏడుపు అన్నీ నిజంగా అనిపిస్తాయి. కానీ ఆ నాలుగేళ్ళు గుర్తు తెచ్చుకుంటే ప్రేమలు, పాటలు గుర్తొస్తాయి తప్ప ల్యాబ్ గుర్తు రాదు. అది స్నేహం గురించిన సినిమా కాబట్టి క్షమించవచ్చు. ‘ది ఇంటర్న్‌షిప్’ పేరులోనే పని పెట్టుకుంది, దాన్ని క్షమించలేను.

డబ్బు విషయానికి వస్తాను. బిల్లీ, నిక్ చేతిలో ఉద్యోగం లేకుండా కాలిఫోర్నియాకి పోతారు. అద్దె ఎవరు కట్టారు, ఎట్లా బతికారు అన్నది కథలో ఒక చిక్కుగా కనిపించదు. మన దగ్గర మొదటి ప్రశ్నే అది. చింతామణి నుంచి బెంగళూరుకి 70 కిలోమీటర్లకు పైనే. అక్కడ పీజీలో ఉంటే చాలా చోట్ల వచ్చే స్టైపెండ్ అంతా దానికే పోతుంది. అసలు స్టైపెండ్ ఇవ్వని చోట్లే ఎక్కువ కనిపిస్తాయి. అక్కకి ఉన్న ధైర్యం ఈ సినిమా ఇచ్చింది కాదు, 2023 జూన్‌లో వచ్చిన శక్తి పథకం ఇచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి ప్రభుత్వ బస్సులో టికెట్ ఖర్చు లేదు. తెల్లారి పోయి రాత్రికి రావచ్చు. అమెరికా దర్శకుడికి ఇది తెలియకపోవచ్చు గానీ, ఇంటర్న్‌షిప్ మీద నిజమైన సినిమా తీసేవాడికి బస్సు సన్నివేశం లేకుండా కుదరదు.

ఇంకా ఒక రకం ఇంటర్న్‌షిప్ ఉంది. ఫోన్లకి పోస్టర్లు వస్తాయి. నాలుగు వారాలు, ఇంటి నుంచే, సర్టిఫికెట్ గ్యారంటీ, ఫీజు 4,500 మాత్రమే. అక్కకి వచ్చిన దాంట్లో పని అంటే ముందే రికార్డు చేసిన వీడియోలు చూడటం, వాళ్ళిచ్చిన ప్రాజెక్టునే మళ్ళీ ఎక్కించడం. అదే ప్రాజెక్టు వందల మంది పేర్ల మీద ఉంటుంది. క్లాసులో చాలామంది కట్టేశారు, మార్కులకి కాగితం కావాలి కదా. ఇంట్లో అడిగినప్పుడు మా అవ్వ ఒక మాట అంది. "దుడ్డు ఇచ్చి పని చేసేదేందే? పని చేసినోళ్ళకి గదా దుడ్డు ఇచ్చేది?" ఆ వారం టమాట పెట్టె రేటు పడిపోయి ఉంది. పెద్దనాయన ఏమీ అనలేదు, "నీకు కావాలంటే చూస్తా" అన్నాడు. అక్క కట్టలేదు. ఆ పోస్టర్ పంపినవాళ్ళని తిట్టడం సులభం. ప్రతి ఒక్కరూ చేయాలి అని నియమం పెట్టి, అందరికీ సరిపడా నిజమైన చోట్లు ఉన్నాయా అని చూడకపోతే, కాగితాలు అమ్మేవాళ్ళు పుట్టుకొస్తారు. కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టి నెలకి 5,000 రూపాయలు ఇస్తామంది. అది 21 నుంచి 24 ఏళ్ళ మధ్యవాళ్ళకి, పూర్తికాలం చదువులో లేనివాళ్ళకి. చదువుతూ ఉన్న అక్కకి పనికి రాలేదు.

బస్సు లేకపోయినా, పీజీ లేకపోయినా జరిగే దారి ఒకటుంది, న్యాయంగా అది కూడా చెప్పాలి. గూగుల్ వాళ్ళే 2005 నుంచి ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ అని నడుపుతున్నారు. అందరూ ఊరకే వాడుకునే సాఫ్ట్‌వేర్లకి ఇంటి నుంచే కోడ్ రాసిస్తే డబ్బులిస్తారు. 18 ఏళ్ళు నిండాలి. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళెవరైనా రావచ్చు. ఇక్కడ చీపురుకట్ట ఆటలు లేవు. మనం రాసింది అందరికీ కనిపిస్తుంది, పెద్దవాళ్ళు తప్పులు రాసి వెనక్కి పంపుతారు, దిద్ది మళ్ళీ పంపాలి. అక్క ఒక చిన్న దోషం సరిచేసి పంపితే మూడుసార్లు వెనక్కి వచ్చి నాలుగోసారి ఒప్పుకున్నారు. సమ్మర్‌కి ఎంపిక మాత్రం కాలేదు. ఆ నాలుగోసారి వచ్చిన మెయిల్ మాత్రం దాచుకుంది.

మా పక్క పిల్లలకి పెద్దలు ఎప్పుడూ చెప్పే కథ ఇంకొకటుంది. గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు 1935లో చదువుకోసం బెంగళూరుకి నడిచి వెళ్ళారు. తర్వాత అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, బెంగళూరు యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు. బాగేపల్లిలో నేషనల్ కాలేజీ రావడానికి ఆయనే కారణం. ఈ కథ చెప్పి "ఆయన నడిచినాడు, నువ్వు బస్సులో పోలేవా" అంటారు. కానీ కథలో ఇంకో సగం ఉంది. బెంగళూరులో ఆయన్ని ఎరిగిన ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడు. ఆయన దగ్గరికే ఈయన నడిచి వెళ్ళింది. కంప్యూటర్ పిల్లల మాటల్లో దాన్ని రెఫరల్ అంటారు. కంపెనీ లోపల ఉన్నవాళ్ళు ఒకరు ‘ఈ అమ్మాయిని చూడండి’ అంటే దరఖాస్తు పైకి వస్తుంది. సినిమాలో కూడా బిల్లీ, నిక్ ఎంపికైంది తెలివితో కాదు, లైల్ అనే కుర్రవాడు లోపల వాళ్ళ పక్షాన మాట్లాడబట్టి. ఇది సినిమా సరిగ్గా చూపించింది, కాకపోతే తనకే తెలియకుండా చూపించింది. మనవాళ్ళ ఇళ్ళలో ఆ లోపలి మనిషి ఎవరు? పోయిన ఏళ్ళ మన పాఠశాల విద్యార్థులు ఎక్కడెక్కడ పని చేస్తున్నారో ఒక పుస్తకంలో రాసి ఆఫీసులో పెడితే ఎట్లుంటుందని హెడ్ మిస్ గారిని అడగాలనుకుంటున్నాను.

సినిమా చెప్పదలుచుకున్న మాట ఏమిటంటే, బయటి బతుకు అనుభవం కూడా ఒక తెలివే అని. చివరి పోటీలో ఒక పిజ్జా అంగడి ముసలాయన్ని మాటలతో ఒప్పించి ప్రకటన ఇప్పించడం వల్లే వీళ్ళు గెలుస్తారు. అది వినడానికి బాగుంది, నేను చప్పట్లు కూడా కొట్టినాను. కానీ సగమే నిజం. అక్క విషయంలో ఆ సగం ఎక్కడ అతికిందో చెప్తాను.

అందరి రెజ్యూమేల్లో ఉండే ప్రాజెక్టులు ఒకటే రకం. వాతావరణం చెప్పేది, చేయాల్సిన పనుల జాబితా, ఏదో ఒక పెద్ద సినిమా యాప్‌కి నకలు. అక్క పెద్దనాయన కోసం టమాట లెక్క ప్రోగ్రాం రాసింది. ఎన్ని పెట్టెలు, ఏ రేటు, కమిషన్ ఎంత, హమాలీ ఎంత, బండి బాడుగ ఎంత, చేతికి వచ్చేదెంత. మొదట రాసినది మొదటి రోజే తప్పింది, ఎందుకంటే వేలంలో ఒకే రైతు పెట్టెలు రెండు రేట్లకి పోతాయి, ప్రోగ్రాంలో రేటుకి ఒకటే గడి ఉంది. మళ్ళీ రాసింది. పోయిన నెల బెంగళూరులోని ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో, లెక్క ఒకటి అయిపోయాక, మిగతా సమయమంతా ఈ ప్రోగ్రాం మీదే అడిగినారంట. "ఒకే రోజు రేటు మారితే నీది ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడు అక్కకి ఇంగ్లీషు ఎక్కడా ఆగలేదంట. మార్కెట్‌లో పుట్టి పెరిగిన అనుభవం పనికొచ్చింది, నిజమే. అయితే అది మాటగా కాదు, కోడ్‌గా మారిన తర్వాత పనికొచ్చింది. సినిమా వదిలేసింది ఆ ‘తర్వాత’నే.

సినిమాలో చిన్నదే గానీ నాకు బాగా నచ్చిన చోటు ఒకటి మిగిలింది. ఫోన్‌లో జనాలకి సహాయం చేసే పోటీలో బిల్లీ చక్కగా మాట్లాడతాడు, అందరినీ మెప్పిస్తాడు. కానీ ఆ కాల్స్‌ని సరిగ్గా నమోదు చేయడు. జట్టుకి మార్కులు రావు. అక్కడ అక్క సినిమా ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. తన తప్పులన్నీ తేదీ వేసి రాసుకునే నోటు పుస్తకం ఆమె దగ్గర ఇప్పుడు మూడోది నడుస్తోంది. ఎనిమిది వారాల పని, నెలకి పది వేలు. సోమవారం మొదలు. మొదటి బస్సు ఐదున్నరకి.